జర్మన్ రైల్వే మరమ్మతు కర్మాగారం చరిత్రను వెలికితీయడం ఎలా: మైనింగెన్ ఉదాహరణతో

రైలింజనును తయారుచేసిన కంపెనీ తన పేరునూ, వరుస సంఖ్యనూ, సంవత్సరాన్నీ లోహపు పలక మీద పోతపోయించి ఇంజను పక్కన బిగించుకుంటుంది. అదే ఇంజనును నలభై యాభై ఏళ్లపాటు మళ్లీ మళ్లీ విప్పి, తుప్పు గీకి, అరిగిన చక్రాలను సరిచేసి, బాయిలరు గొట్టాలు మార్చి, తిరిగి పట్టాల మీద నిలబెట్టిన మరమ్మతు కర్మాగారానికి మాత్రం బఫర్ బీమ్ అనే ముందరి అడ్డదూలం మీద తెల్లరంగుతో రాసిన ఒక పొట్టి పేరూ, ఒక తేదీ తప్ప మరేమీ దక్కదు. అందువల్లనే ఇంజన్ల తయారీదారుల చరిత్రలు పుస్తకాల కొద్దీ దొరుకుతాయి గాని, మరమ్మతు కర్మాగారాల చరిత్రను ముక్కలు ముక్కలుగా ఏరుకొని మనమే అతుకు పెట్టుకోవలసి వస్తుంది. ఆ ఏరుకునే పద్ధతిని ఒకే ఒక్క కర్మాగారాన్ని ముందు పెట్టుకొని ఇక్కడ వివరిస్తున్నాను. అది జర్మనీ నడిబొడ్డున, థూరింగియా రాష్ట్రంలో, వెర్రా నది ఒడ్డున ఉన్న మైనింగెన్ పట్టణంలోని కర్మాగారం. ఆవిరి ఇంజన్లకు పెద్ద మరమ్మతులు చేసే పని అక్కడ నేటికీ సాగుతోంది కాబట్టి, మిగతా చోట్ల కాగితాల మీదే మిగిలిన విషయాలను ఇక్కడ కంటితో చూసి సరిపోల్చుకునే అవకాశం ఉంది.

మొదట ఒక చిన్న హెచ్చరిక. ఈ ఊరి పేరును మన లిపిలో గాని, ఊహించిన ఇంగ్లిషు వర్ణక్రమంతో గాని వెతికితే గనుల తవ్వకాల సమాచారం వచ్చి మీద పడుతుంది. జర్మన్ వర్ణక్రమంలో ఎం తరువాత ఈ, ఆ తరువాత ఐ వస్తాయి. ఈ మూడక్షరాలనూ బాగా గుర్తుంచుకోండి, ఎందుకంటే ముందు ముందు ఇంజను ఒంటి మీద వెతకబోయేది వీటినే.

షెడ్డు వేరు, వర్క్‌షాపు వేరు

జర్మన్ రైల్వే పత్రాలను చదివేటప్పుడు కొత్తవారు చేసే మొదటి పొరపాటు ఇంజన్ల షెడ్డునూ మరమ్మతు కర్మాగారాన్నీ ఒకటిగా భావించడం. మొదట్లో నేనూ అలాగే పొరబడి, ఒక ఇంజను ఫలానా ఊరిలో పన్నెండేళ్లు మరమ్మతులో ఉందని నమ్మాను. నిజానికి అది ఆ ఊరి షెడ్డుకు కేటాయించిన ఇంజను. జర్మన్లు షెడ్డును బెట్రీబ్స్‌వెర్క్ అంటారు, పొట్టిగా బి, డబ్ల్యూ అనే రెండక్షరాలతో రాస్తారు. ఇంజనుకు బొగ్గూ నీళ్లూ పట్టడం, బూడిద దులపడం, చిన్నాచితకా సర్దుబాట్లు చేయడం, సిబ్బందిని ఎక్కించడం దాని పని. ఆస్‌బెస్సరుంగ్స్‌వెర్క్, అంటే మరమ్మతు కర్మాగారం, దానికి పూర్తిగా భిన్నమైనది. నిర్ణీత గడువు తీరిన ఇంజను అక్కడికి వెళ్లి, బాయిలరు, చట్రం, చక్రాలు విడివిడిగా ఊడదీయించుకొని, వారాల తరువాత కొత్త రంగుతో బయటికి వస్తుంది. మన రైల్వే ఉద్యోగుల మాటల్లో చెప్పాలంటే, కాజీపేట లోకో షెడ్డుకూ లాలాగూడ వర్క్‌షాపుకూ ఉన్న తేడాయే ఇది. మన వాళ్లు పీవోహెచ్ అనే నియతకాలపు ఓవర్‌హాల్‌కు జర్మనీలో సమానమైనదే ఈ కర్మాగారాల ప్రధాన వృత్తి. కనుక ఏ పత్రం చేతికొచ్చినా, అందులో ఉన్నది ఇంజను ఉనికిపట్టా, లేక అది వైద్యానికి వెళ్లిన ఆసుపత్రా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

పేరు మారిన ప్రతిసారీ పాలన మారింది

తరువాతి పని ఆ కర్మాగారం పేరు ఏయే కాలంలో ఏమిటో ఒక కాగితం మీద వరుసగా రాసుకోవడం. జర్మనీలో ఇది ఉత్త లాంఛనం కాదు, తేదీ లేని పత్రానికి తేదీ వేసే సాధనం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేవరకూ ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు పరిధిలోని ఇలాంటి సంస్థకు హౌప్ట్‌వెర్క్‌ష్టాట్, అంటే ముఖ్య కార్యశాల అని పేరు, దాని ముందు ‘రాజరిక ప్రష్యా’ అనే విశేషణం ఉండేది. 1920లో ఆయా రాష్ట్రాల రైల్వేలన్నీ కేంద్రం చేతికి వచ్చి రైక్స్‌బాన్, అంటే సామ్రాజ్య రైల్వే, ఏర్పడిన తరువాత ఆ దశకంలోనే రైక్స్‌బాన్-ఆస్‌బెస్సరుంగ్స్‌వెర్క్ అనే దీర్ఘనామం స్థిరపడింది. దాని పొడి అక్షరాలే ఆర్‌ఏడబ్ల్యూ. రెండో ప్రపంచ యుద్ధం తరువాత దేశం రెండుగా చీలినప్పుడు పశ్చిమాన రైల్వేకు బుండెస్‌బాన్ అని పేరు పెట్టారు. అక్కడి కర్మాగారాల పేర్లలో ఆర్ పోయి ఏడబ్ల్యూ మిగిలింది.

తూర్పు జర్మనీ మాత్రం కమ్యూనిస్టు రాజ్యమై ఉండి కూడా సామ్రాజ్యపు వాసన కొట్టే రైక్స్‌బాన్ అనే పేరును చివరిదాకా వదులుకోలేదు. పశ్చిమ బెర్లిన్‌లోని రైళ్లను నడిపే హక్కు యుద్ధానంతర ఒప్పందాల్లో రైక్స్‌బాన్ పేరునే ఉన్నందువల్ల, పేరు మారిస్తే ఆ హక్కుకు ముప్పు వస్తుందన్నది దీనికి సాధారణంగా చెప్పే కారణం. ఏమైనా, చదువరి జ్ఞాపకం పెట్టుకోవలసింది ఒక్కటే: పత్రం మీద రైక్స్‌బాన్ అని కనిపించినంత మాత్రాన అది హిట్లర్ కాలం నాటిది కాదు. 1993 డిసెంబరు దాకా ఆ పేరుతో రైళ్లు నడిచాయి. 1994 జనవరి 1న రెండు రైల్వేలూ కలిసి డాయిచె బాన్ అయ్యాయి.

తూర్పు వైపు కర్మాగారాలకు మరో అలవాటు ఉండేది, పార్టీ వీరుల పేర్లను తగిలించుకోవడం. బెర్లిన్‌లో వార్షావర్ వంతెన పక్కనున్న కర్మాగారం 1867లో మొదలైంది. నూరేళ్లు నిండిన 1967లో దానికి ఫ్రాంజ్ స్టెన్జర్ పేరు పెట్టారు. ఆయన 1933లో నాజీల దాఖౌ నిర్బంధ శిబిరంలో హత్యకు గురైన కమ్యూనిస్టు పార్లమెంటు సభ్యుడు. ఆ పేరు పత్రంలో కనబడితే అది 1967కు ముందుది కాదని కళ్లు మూసుకొని చెప్పవచ్చు. ఇప్పుడా ఆవరణ క్లబ్బులకూ, కచేరీలకూ నిలయం. బెర్లిన్‌లో చదువుకుంటున్న మన పిల్లల్లో చాలామంది వారాంతాల్లో ‘ఆర్‌ఏడబ్ల్యూ’కు వెళ్తారు గాని, ఆ మూడక్షరాల్లో మరమ్మతు అనే మాట దాగి ఉందని వారికి తెలిసే అవకాశం తక్కువ.

ఊరు ఎవరిది, పట్టాలు ఎవరివి

పేర్ల జాబితా తరువాత పటం తీయాలి. ఇది మైనింగెన్ విషయంలో మరీ అవసరం, ఎందుకంటే ఇక్కడ ఊరి ప్రభువు ఒకరు, రైలు ప్రభువు మరొకరు. 1858లో ఐసెనాఖ్ నుంచి కోబుర్గ్ వైపు వెర్రా లోయ వెంబడి రైలు మార్గాన్ని వేసింది ఒక ప్రైవేటు కంపెనీ. ఆ కంపెనీ తన ఇంజన్ల కోసం మైనింగెన్ స్టేషను దగ్గర పెట్టుకున్న వర్క్‌షాపే నేటి కర్మాగారానికి పూర్వరూపం. 1884లో ఎర్‌ఫుర్ట్ నుంచి థూరింగియా అడవి కొండల కింద 3,039 మీటర్ల బ్రాండ్‌లైటె సొరంగం తవ్వి మరో మార్గాన్ని తెచ్చి కలిపారు. 1895లో ప్రష్యా ప్రభుత్వం వెర్రా రైల్వేను స్వాధీనం చేసుకుంది. ఊరు మాత్రం అప్పటికీ సాక్స్-మైనింగెన్ అనే చిన్న సంస్థానానికి రాజధాని. ప్రష్యా రాజుకు ఆ ఊరి మీద పరిపాలనాధికారం లేదు, పట్టాల మీద మాత్రం ఉంది. ‘రాజరిక ప్రష్యా’ కార్యశాల పరాయి సంస్థానంలో ఎలా ఉందని తల పట్టుకునే వారికి ఇదే జవాబు. పత్రాల కోసం వెతికేటప్పుడు కూడా ఈ చీలిక వెన్నంటే వస్తుంది. స్థలం, నీటి సరఫరా, కార్మికుల ఇళ్లు వంటి ఊరి వ్యవహారాలు సంస్థానపు దస్త్రాల్లో ఉంటాయి, యంత్రాలు, సిబ్బంది, ఖర్చులు ప్రష్యా రైల్వే దస్త్రాల్లో ఉంటాయి.

స్టేషను పక్కనున్న పాత వర్క్‌షాపు ఇరుకైపోవడంతో 1910లో కొత్త ఆవరణ నిర్మాణం మొదలై, 1914 మార్చిలో పని ప్రారంభమైంది. అదే ఏడాది జూన్‌లో, తన నాటక బృందంతో యూరప్ అంతటా పేరు తెచ్చుకున్న ఆ ఊరి ప్రభువు రెండో గెయోర్గ్ కన్నుమూశాడు, ఆగస్టులో యుద్ధం వచ్చింది. మైనింగెన్ అనగానే జర్మన్లలో చదువుకున్నవారు రంగస్థలాన్ని తలుచుకుంటారు, రైలు అభిమానులు బొగ్గు పొగను తలుచుకుంటారు. ఊరి చరిత్ర పుస్తకాల్లో మొదటిదానికి దక్కే పేజీల్లో పదో వంతు కూడా రెండోదానికి దక్కకపోవడం చూస్తుంటే నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

పటాన్ని 1914 దగ్గరే మడవకూడదు. 1945 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం థూరింగియాకు వచ్చింది, జూలైలో ఆ ప్రాంతాన్ని సోవియట్ సైన్యానికి అప్పగించింది. ఆ తరువాత గీసిన సరిహద్దు వెర్రా మార్గాన్ని బవేరియాలోని కోబుర్గ్‌కు ముందే తెంచేసింది. ఒకప్పుడు బవేరియాకు దారి తీసిన ఊరు ముళ్లకంచె దాకా వెళ్లి ఆగే మార్గంలో మిగిలిపోయింది. రెండు జర్మనీల కర్మాగారాల చరిత్రలు ఎందుకు వేర్వేరు దారులు పట్టాయో తెలుసుకోవాలంటే ఈ తెగిన గీతను పటం మీద వేలితో అనుసరించి చూడాలి.

ఇంజను ఒంటి మీద రాతను చదవడం

ఇప్పుడు అసలు పని. మ్యూజియంలో గాని, పాత ఛాయాచిత్రంలో గాని జర్మన్ ఆవిరి ఇంజను ఎదురైనప్పుడు ముందుగా డ్రైవరు క్యాబు పక్కకు వెళ్లాలి. పెద్ద నంబరు పలకతో పాటు చిన్న పలకలు రెండు కనిపిస్తాయి. ఒకదాని మీద రైల్వే డైరెక్టరేటు పేరు, మరొకదాని మీద షెడ్డు పేరు ఉంటాయి. ఇవి ఉనికిపట్టు వివరాలు మాత్రమే. మరమ్మతు కర్మాగారం సంతకం కావాలంటే ఇంజను ముందుకు వచ్చి వంగి చూడాలి. బఫర్లు బిగించిన ఎర్రని అడ్డదూలం మీద సన్నని తెల్ల అక్షరాలుంటాయి. అందులో యు, ఎన్, టి అని ఉంటే అది పరీక్ష అనే అర్థమున్న జర్మన్ మాటకు పొడి రూపం. దాని పక్కన ఎం, ఈ, ఐ ఉంటే పరీక్ష జరిగింది మైనింగెన్‌లో. ఆ తరువాత రోజు, నెల, సంవత్సరం. ఒక్క వరుసలో ఎక్కడ, ఏం, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దొరికింది. బ్రేకుల పరీక్షకు వేరే వరుస ఉంటుంది కాబట్టి రెండు తేదీలు కనిపిస్తే కంగారు పడనవసరం లేదు.

ఛాయాచిత్రం ద్వారా తేదీ నిర్ణయించేటప్పుడు ఈ రాత ‘ఇంతకు ముందుది కాదు’ అని మాత్రమే చెబుతుందని గమనించాలి. 1964 అని రాసి ఉన్న ఇంజను 1967లో కూడా అదే రాతతో తిరుగుతుంది. మీదటి హద్దు తెలుసుకోవడానికి నంబరు పలక తోడ్పడుతుంది. పశ్చిమాన 1968లోనూ, తూర్పున 1970లోనూ ఇంజన్ల నంబర్లను కంప్యూటరుకు అనువుగా మార్చి, చివర చిన్న గీత పెట్టి ఒక తనిఖీ అంకెను చేర్చారు. ఆ అంకె లేకపోతే చిత్రం మార్పుకు ముందుది అయివుండే అవకాశం ఎక్కువ. అంకె ఉంటే దాన్ని మనమే లెక్కించి, పలక నకిలీదా, అక్షరం తప్పు చదివామా అన్నది తేల్చుకోవచ్చు. లెక్క చాలా తేలిక. ఉదాహరణకు 02 0201-0 అనే తూర్పు జర్మన్ ఇంజనును తీసుకుందాం. మొదటి ఆరంకెలను ఎడమ నుంచి 1, 2, 1, 2, 1, 2 తో వరుసగా హెచ్చవేయాలి. 0, 4, 0, 4, 0, 2 వస్తాయి. కూడితే 10. తరువాతి పది పూర్తి కావడానికి ఎంత తక్కువైతే అది తనిఖీ అంకె, ఇక్కడ ఏమీ తక్కువ లేదు కాబట్టి సున్న. మరొకటి 99 2324-4. ఇక్కడ రెండో అంకె 9ని 2తో హెచ్చవేస్తే 18 వస్తుంది. ఇలా రెండంకెల లబ్ధం వచ్చినప్పుడు ఆ రెంటినీ కూడి 9గా తీసుకోవాలి. అప్పుడు 9, 9, 2, 6, 2, 8 కలిపి 36, నలభైకి నాలుగు తక్కువ, కనుక చివరి అంకె 4. పంచాంగం లెక్కలు వేసిన వారికి ఇది నిమిషం పని.

రాత దగ్గర ఆగిపోతే సగం చరిత్రే దొరుకుతుంది. కనెక్టింగ్ రాడ్ల మీద, వాల్వు గేరు ముక్కల మీద గుద్దిన అంకెలను వెతకండి. ఏ భాగం ఏ ఇంజనుదో కర్మాగారంలో కలగాపులగం కాకుండా ఇంజను నంబరును భాగాల మీద పోటుతో గుద్దేవారు. ఒక ఇంజను మీద మరో ఇంజను నంబరు గుద్దిన రాడ్డు కనిపిస్తే అది దొంగసొత్తు కాదు, మరమ్మతు పద్ధతికి సాక్ష్యం. బాయిలరు విషయంలో ఇది ఇంకా స్పష్టం. చట్రాన్ని బాగుచేయడానికి పట్టే కాలం కంటే బాయిలరును బాగుచేయడానికి పట్టే కాలం ఎక్కువ. అందుకని సిద్ధంగా ఉన్న మరో బాయిలరును బిగించి ఇంజనును తొందరగా పంపేసేవారు, విప్పిన బాయిలరు బాగయ్యాక ఆ తరువాత వచ్చిన వేరే ఇంజనుకు చేరేది. బాయిలరుకు దాని సొంత తయారీ సంఖ్య ఉంటుంది, కాబట్టి ఇంజను వయసూ బాయిలరు వయసూ ఒకటే కావాలన్న నియమం లేదు.

కర్మాగారం తిరిగి పుట్టించిన ఇంజన్లు

మరమ్మతు ఎక్కడ ముగుస్తుంది, కొత్త తయారీ ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్నకు మైనింగెన్‌లో సూటిగా జవాబు దొరకదు, అందుకే చరిత్రకారునికి ఇది అన్నిటికన్నా రుచికరమైన భాగం. తూర్పు జర్మనీకి బొగ్గు నాసిరకం, డీజిల్ ఇంజన్లు కొరత, యుద్ధానికి ముందు నాటి ఇంజన్లు ముసలివి. కొత్తవి కొనలేక, ఉన్నవాటిని లోపలి నుంచి మార్చుకోవాలని నిర్ణయించారు. 1958 నుంచి 1962 వరకు 39వ తరగతికి చెందిన 85 ఇంజన్లను కొత్త బాయిలర్లతో మైనింగెన్‌లో పునర్నిర్మించి 22వ తరగతిగా పేరు మార్చారు. 1962 నుంచి 1965 వరకు 35 ఎక్స్‌ప్రెస్ ఇంజన్లకు ఇక్కడే ఇలాంటి పునర్జన్మ ఇచ్చారు.

వీటన్నిటిలో పైన తనిఖీ అంకె లెక్కించిన 02 0201 కథ ప్రత్యేకం. దాని మొదటి నంబరు 18 201, రైలు అభిమానులు నేటికీ ఆ నంబరుతోనే పిలుస్తారు. హెన్షెల్ కంపెనీ 1939లో తయారుచేసిన 61 002 అనే అతివేగపు ఇంజను చట్రాన్నీ, 2,300 మిల్లీమీటర్ల ఎత్తున్న దాని చక్రాలనూ, హెచ్ 45 024 అనే ప్రయోగాత్మక ఇంజను భాగాలు కొన్నిటినీ తీసుకొని, 22వ తరగతికి వాడిన రకం బాయిలరును జతచేసి 1961లో మైనింగెన్‌లో దీన్ని నిలబెట్టారు. కొత్త బోగీలను అధిక వేగంలో పరీక్షించడానికి అప్పటి తూర్పు జర్మనీకి ఇలాంటి ఇంజను అవసరమైంది. 1972 అక్టోబరు 11న ఇది గంటకు 182.4 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. దీని పుట్టిన తేదీ 1939 అని రాయాలా, 1961 అని రాయాలా? నా మటుకు నేను రెండూ రాస్తాను, రెంటికీ మధ్య ఏయే భాగం ఎక్కడిదో చెప్పే వాక్యం ఒకటి చేరుస్తాను. ఒక్క తేదీతో సరిపెట్టే జాబితాలను నమ్మకూడదు.

పశ్చిమ జర్మనీలో ఆవిరి 1977 అక్టోబరుతో ఆగిపోయింది. అక్కడి కర్మాగారాలు ఒక్కొక్కటిగా డీజిల్, విద్యుత్ ఇంజన్ల పనికి మారాయి, లేదా మూతపడ్డాయి. తూర్పున మాత్రం 1980ల మొదట్లో సోవియట్ చమురు సరఫరా తగ్గడంతో, పక్కన పెట్టబోయిన ఆవిరి ఇంజన్లను బొగ్గుతో మళ్లీ నడపవలసి వచ్చింది, ప్రామాణిక వెడల్పు పట్టాల మీద అవి 1988 దాకా నడిచాయి. చమురు ఆదా కోసమే మైనింగెన్‌లో ఆ దశకంలో దాదాపు 200 పొయ్యి లేని ఇంజన్లను తయారుచేశారు. ఇవి ఫ్లాస్కు లాంటివి. ఫ్యాక్టరీ బాయిలరు నుంచి వేడినీటినీ ఆవిరినీ నింపుకొని, అది చల్లారేదాకా ఆవరణలో వ్యాగన్లను అటూ ఇటూ లాగుతాయి. నిప్పు రవ్వ లేదు కాబట్టి రసాయన కర్మాగారాలకు ఇవి క్షేమం. రెండు జర్మనీలు కలిసేనాటికి బాయిలరు పని తెలిసిన చేతులు మైనింగెన్‌లో ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాయి. కర్మాగారం మిగిలింది ఈ కారణంగానే అని నా అభిప్రాయం. పేదరికం వల్ల ఆలస్యమైన మార్పే దానికి రక్ష అయింది.

ఆ తరువాతి చిట్టా ఖండాంతరాలకు కాకపోయినా దేశాంతరాలకు పాకింది. జర్మనీలో 1835లో విజయవంతంగా నడిచిన తొలి ప్రయాణికుల రైలింజను ఆడ్లర్‌కు 1935లో కైజర్స్‌లౌటెర్న్ మరమ్మతు కర్మాగారం నమూనా చేసింది. ఆ నమూనా 2005 అక్టోబరులో న్యూరెంబర్గ్‌లోని షెడ్డు అగ్నిప్రమాదంలో కాలిపోతే 2007కల్లా మళ్లీ నిలబెట్టింది మైనింగెన్. ఇంగ్లండులోని డార్లింగ్టన్‌లో అభిమానులు విరాళాలతో కట్టిన టోర్నడో ఇంజనుకు బాయిలరు 2006లో ఇక్కడి నుంచే వెళ్లింది, అంత పెద్ద ఇంజను బాయిలరు చేయగల చోటు బ్రిటన్‌లో అప్పటికి మిగల్లేదు. 2009లో బాల్టిక్ తీరపు మోలీ చిన్న రైలు కోసం 1932 నాటి నమూనా ప్రకారం సరికొత్త ఇంజనునే చేశారు. తనిఖీ అంకె లెక్కలో మనం చూసిన రెండో నంబరు, 99 2324-4, దానిదే.

కాగితాలు, వాటి మౌనాలు

ప్రతి జర్మన్ ఇంజనుకూ బెట్రీబ్స్‌బూఖ్ అనే సేవా పుస్తకం ఉండేది. షెడ్డు మారిన తేదీలు, నడిచిన కిలోమీటర్లు, బాయిలరు మార్పులు, కర్మాగారంలోకి వెళ్లిన రోజు, బయటికొచ్చిన రోజు అందులో ఎక్కించేవారు. ఎల్ అక్షరం పక్కన ఒక అంకె వేసి మరమ్మతు స్థాయిని సూచించేవారు, అంకె పెరిగేకొద్దీ పని పెద్దది. సున్న అంటే అనుకోకుండా వచ్చిన చిన్న పని. ఒకే కర్మాగారం ముద్ర ఉన్న ఇరవై ముప్పై పుస్తకాలను పక్కపక్కన పెట్టి ఒకే ఏడాది పేజీలు పోల్చితే, ఆ ఏడాది ఒక్కో ఇంజను లోపల ఎన్ని రోజులుందో తెలుస్తుంది. ఆ రోజులు హఠాత్తుగా పెరిగితే విడిభాగాల కొరతో, మనుషుల కొరతో ఉందని అనుమానించవచ్చు. ఇది ఏ అధికారిక చరిత్రలోనూ కనిపించని సమాచారం.

కార్యాలయ దస్త్రాలకు రెండు చోట్లు ముఖ్యం. థూరింగియా రాష్ట్ర అభిలేఖాగారం శాఖ ఒకటి మైనింగెన్‌లోనే ఉంది. కేంద్ర స్థాయిలో బెర్లిన్ లిఖ్టెర్‌ఫెల్డెలోని సమాఖ్య అభిలేఖాగారంలో 1945కు ముందటి రవాణా మంత్రిత్వశాఖ పత్రాలు ఆర్ 5 అనే విభాగంలోనూ, తూర్పు జర్మనీ రవాణా మంత్రిత్వశాఖ పత్రాలు డీఎం 1 అనే విభాగంలోనూ ఉంటాయి. దస్త్రం తెరిచేముందు లిపికి సిద్ధపడండి. 1940ల ముందటి అచ్చు చాలావరకు ఫ్రాక్టూర్ అనే కోణాల లిపిలో ఉంటుంది, అందులో పొడుగు ‘ఎస్’ అచ్చం ‘ఎఫ్’లా కనబడి మాటను మార్చేస్తుంది. చేతిరాత మన కరణాల గొలుసుకట్టుకు తీసిపోదు. కరణాల రాత నేర్చుకున్న పద్ధతిలోనే దీన్నీ నేర్చుకోవాలి: ముందుగా జవాబు తెలిసిన పేర్లనూ ఊళ్లనూ పత్రంలో గుర్తుపట్టి, వాటి అక్షరాల ఆకారాలను పక్కన రాసుకొని, అవే ఆకారాలతో తెలియని మాటలను విప్పుకోవాలి.

వార్షికోత్సవాల నాటి వార్తాపత్రికలనూ, ప్రచురణలనూ వెతకడం మంచిదే, కాని ఏ ప్రభుత్వం నీడలో అచ్చయ్యాయో చూసుకోవాలి. 1914లో మొదలైన సంస్థకు పాతికేళ్లు 1939లో, యాభై 1964లో, డెబ్బై ఐదు 1989లో, నూరు 2014లో నిండుతాయి. ఒకటి హిట్లర్ కాలం, రెండు తూర్పు జర్మనీ కాలం, చివరిది ఏకీకృత జర్మనీ. ప్రతి కాలపు పత్రికా తన ముందటి కాలాన్ని తూలనాడుతుంది, తన కాలాన్ని పొగుడుతుంది. వాటన్నిటిలోనూ పలచగా కనిపించే సంవత్సరాలు 1939 నుంచి 1945 వరకు. రైక్స్‌బాన్ ఆ యుద్ధకాలంలో ఆక్రమిత దేశాల నుంచి తెచ్చిన నిర్బంధ కార్మికులను పెద్ద ఎత్తున వాడుకుంది. కాబట్టి ఏ మరమ్మతు కర్మాగారం చరిత్ర రాస్తున్నా ఆ ఏళ్లలో అక్కడ ఎవరు పనిచేశారు, ఎక్కడ పడుకున్నారు అన్న ప్రశ్న వేసి తీరాలి. నాజీ బాధితుల పత్రాలను భద్రపరుస్తున్న బాద్ ఆరోల్సెన్‌లోని ఆరోల్సెన్ అభిలేఖాగారంలో చాలా భాగం ఉచితంగా ఆన్‌లైన్‌లో చూడవచ్చు. అక్కడ కర్మాగారం పేరుతోనే కాక ఊరి పేరుతోనూ వెతకండి, ఎందుకంటే నమోదు చేసిన గుమాస్తాలు చాలాసార్లు ఊరిని మాత్రమే రాశారు.

చివరిగా ప్రయాణం

మూతపడిన కర్మాగారాలకు వెళ్లినా ఏదో ఒకటి దొరుకుతుంది. వాయవ్య జర్మనీలోని లింగెన్‌లో పాత మరమ్మతు షెడ్లలో ఇప్పుడు ఉన్నత విద్యాసంస్థ తరగతులూ, ఒక కళాప్రదర్శనశాలా నడుస్తున్నాయి. పైకప్పు ఇనుప దూలాలూ, వెలుతురు కోసం పెట్టిన ఎత్తైన కిటికీలూ చూస్తే, ఇంజను నిలబడ్డ చోటు ఎంత పొడుగో అడుగులు వేసి కొలుచుకోవచ్చు. మైనింగెన్‌కు వెళ్లాలంటే ఎర్‌ఫుర్ట్ నుంచి రైలు ఎక్కి, 1884 నాటి ఆ సొరంగం గుండానే వెళ్లాలి, అది చరిత్రలోని ఒక అధ్యాయాన్ని కిటికీలోంచి చదువుకుంటూ పోవడం లాంటిది. కర్మాగారం సాధారణంగా సెప్టెంబరు మొదటి వారాంతంలో ఆవిరి ఇంజన్ల ఉత్సవం జరుపుతుంది. మిగతా రోజుల్లో నిర్ణీత సమయాల్లో మాత్రమే సందర్శకులను తిప్పుతారు కాబట్టి, బయలుదేరే ముందు వారి వెబ్‌సైటులో తేదీలు చూసుకోవడం మరవకండి.

లోపలికి వెళ్లాక విప్పిన బాయిలర్ల ముందు అందరూ నిలబడి ఫోటోలు తీసుకుంటారు, మీరూ తీసుకోండి. ఆ తరువాత, రంగు వేయడానికి వరుసలో నిలబెట్టిన ఇంజను ఏదైనా ఉంటే దాని ముందుకు వెళ్లి, అనుమతి అడిగి, బఫర్ బీమ్ మీది రాతకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చొని, అక్షరాలు వంకర పోకుండా ఒక ఫోటో తీసి, ఇంజను నంబరునూ ఆ రోజు తేదీనీ పక్కన రాసి పెట్టుకోండి. ఇంజను బయటికి వచ్చేసరికి అక్కడ కొత్త తేదీ ఉంటుంది, పాతది ఎర్ర రంగు కింద ఉంటుంది.